అమెరికా ప్రభుత్వ షట్‌డౌన్‌లో జీతం ఆగిన ఉద్యోగులు: తరచుగా అడిగే ప్రశ్నలు

నిధుల గడువు ముగిసి అమెరికా ఫెడరల్ కార్యాలయాలు మూతపడిన ప్రతిసారీ లక్షలాది ఇళ్లలో జీతం ఆగిపోతుంది. ఆ జీతం తరువాత చేతికి రావచ్చు. కానీ అద్దె గడువు, కారు వాయిదా, పిల్లల డేకేర్ ఫీజు మాత్రం అంతవరకు ఆగవు. ఉద్యోగికి జరిగే నష్టంలో అధిక భాగం ఈ ఆలస్యంలోనే ఉంది. వాషింగ్టన్ చుట్టుపక్కల మేరీల్యాండ్, వర్జీనియాలలో ఫెడరల్ ఉద్యోగాలు, కాంట్రాక్టు ఉద్యోగాలు చేస్తున్న తెలుగు కుటుంబాలకూ, ఇక్కడి నుంచి వారి క్షేమం కనుక్కునే బంధువులకూ ఉపయోగపడేలా ఈ ప్రశ్నలు, జవాబులు సిద్ధం చేశాము.

షట్‌డౌన్ అసలు ఎందుకు వస్తుంది?

అమెరికా రాజ్యాంగం ప్రకారం కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, మంజూరు చేయనిదే ఖజానా నుంచి ఒక్క డాలరు కూడా బయటికి రాకూడదు. అక్కడి ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. ఆ లోగా ఏటా ఆమోదించవలసిన పన్నెండు వ్యయ బిల్లులు గాని, వాటికి బదులుగా పాత స్థాయిలోనే నిధులు కొనసాగించే తాత్కాలిక తీర్మానం గాని చట్టం కాకపోతే, ఆ నిధులతో నడిచే శాఖలకు ఖర్చు పెట్టే అధికారం ఉండదు. మంజూరు కాని డబ్బు ఖర్చు చేయరాదని యాంటీడెఫిషియెన్సీ చట్టం 19వ శతాబ్దం నుంచీ చెబుతూనే ఉన్నా, ఒకప్పుడు గడువు ముగిసినా కార్యాలయాలు ఎలాగోలా నడిచేవి. 1980, 1981లలో అప్పటి అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెట్టి ఇచ్చిన అభిప్రాయాల తరువాతనే, ప్రాణాలకు, ఆస్తులకు రక్షణ కల్పించే పనులు తప్ప మిగిలినవన్నీ ఆపివేయాలనే పద్ధతి స్థిరపడింది.

1995 చివరి నుంచి 1996 జనవరి వరకు 21 రోజులు, 2013లో 16 రోజులు, 2018 డిసెంబరు 22 నుంచి 2019 జనవరి 25 వరకు 35 రోజులు, 2025 అక్టోబరు 1 నుంచి నవంబరు 12 వరకు 43 రోజులు ప్రభుత్వం మూతపడింది. ఈ నిడివి పెరుగుతున్న తీరును ఉద్యోగి గమనించాలి. పది పదిహేను రోజులకు సరిపడే పొదుపు ఉంటే చాలునన్న పాత లెక్క ఇప్పుడు పనికిరాదు.

ఎవరిని ఇంటికి పంపుతారు, ఎవరు జీతం లేకుండా పని చేయాలి?

ఉద్యోగులు మూడు రకాలుగా విడిపోతారు. మొదటివారు ఫర్లో అయినవారు, అంటే జీతం లేని తాత్కాలిక సెలవు మీద ఇంటికి పంపబడినవారు. రెండవవారిని ఎక్సెప్టెడ్ ఉద్యోగులంటారు. విమానాశ్రయ భద్రతా సిబ్బంది, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు, సరిహద్దు గస్తీ సిబ్బంది, ఫెడరల్ జైళ్ల ఉద్యోగులు ఈ కోవలోకి వస్తారు. వీరు రోజూ విధులకు హాజరు కావాలి, జీతం మాత్రం అప్పుడు రాదు. మూడవవారు ఎగ్జెంప్ట్ ఉద్యోగులు. వీరి జీతం ఏటా మంజూరయ్యే నిధుల మీద ఆధారపడదు కాబట్టి వారికి ఏ ఆటంకమూ ఉండదు. సొంత ఆదాయంతో నడిచే తపాలా సంస్థ, దరఖాస్తు రుసుములతో నడిచే పౌరసత్వ, వలస సేవల విభాగం ఇందుకు ఉదాహరణలు.

2018–19లో దాదాపు 8 లక్షల మందికి జీతం ఆగింది. వారిలో సుమారు 3.8 లక్షల మంది ఇంట్లో ఉన్నారు, మిగిలిన 4.2 లక్షల మంది పని చేస్తూనే ఉన్నారు. 2025లో రోజుకు సుమారు 7.5 లక్షల మంది ఫర్లో అవుతారని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అంచనా వేసింది. పని చేస్తూ జీతం అందనివారు ఈ లెక్కకు అదనం. తాను ఏ కోవలోకి వస్తాడో ఉద్యోగి తనంతట తానుగా ఊహించుకోకూడదు. కార్యాలయం ఇచ్చే ఫర్లో నోటీసును భద్రపరచుకోవాలి, ఎందుకంటే బ్యాంకు, ఇంటి యజమాని, నిరుద్యోగ భృతి కార్యాలయం అందరూ మొదట అడిగేది ఆ కాగితాన్నే.

ఫర్లోలో ఉండగా ఇంటి నుంచి కొద్దిగా పని చక్కబెట్టవచ్చా?

చేయకూడదు. జీతం ఆశించకుండా చేసినా అది చట్టవిరుద్ధమే. ఆఫీసు ఈమెయిల్ చూడటం, సహోద్యోగికి ఒక ఫైలు పంపడం కూడా పని కిందికే వస్తాయి. షట్‌డౌన్ మొదటి రోజున బల్ల సర్దుకోవడానికి, స్వయంచాలక సమాధానం పెట్టడానికి సాధారణంగా నాలుగు గంటల వరకు అనుమతిస్తారు. ఆ తరువాత తిరిగి పిలుపు వచ్చేవరకు ఆగవలసిందే. సొంత ఫోను నంబరు, వ్యక్తిగత ఈమెయిల్ పై అధికారి వద్ద ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి.

జీతం సరిగ్గా ఏ రోజున ఆగుతుంది?

ఫెడరల్ ఉద్యోగులకు రెండు వారాలకొకసారి జీతం వస్తుంది, అదీ ఆ రెండు వారాలు ముగిసిన కొన్ని రోజులకు. అందువల్ల షట్‌డౌన్ మొదలైన నాడే చేయి ఖాళీ కాదు. 2025లో అక్టోబరు 1న నిధులు ఆగితే, సెప్టెంబరు చివరి రోజులకు సంబంధించిన తగ్గిన జీతం అక్టోబరు రెండవ వారంలో అందింది. అక్టోబరు నాలుగవ వారంలో రావలసిన జీతం పూర్తిగా ఆగిపోయింది, నవంబరు మొదట్లో మరొకటి కూడా అలాగే పోయింది. ఈ మూడు వారాల వ్యవధి ఉద్యోగికి దొరికే అసలైన అవకాశం. బకాయి పడిన తరువాత బ్యాంకును బతిమాలడం కంటే, బకాయి పడకముందే ఈ వ్యవధిలో మాట్లాడుకుంటే దొరికే షరతులు చాలా మెరుగ్గా ఉంటాయి.

ఆగిన జీతం తరువాత తప్పకుండా వస్తుందా?

2019కి ముందు ఇంటికి పంపబడినవారికి చట్టపరమైన హామీ ఏదీ లేదు. ప్రతి షట్‌డౌన్ తరువాత కాంగ్రెస్ దయతలచి ప్రత్యేకంగా చట్టం చేస్తేనే వారికి డబ్బు దక్కేది. 2019 జనవరి 16న, 35 రోజుల షట్‌డౌన్ సాగుతుండగానే, గవర్నమెంట్ ఎంప్లాయీ ఫెయిర్ ట్రీట్‌మెంట్ చట్టం మీద సంతకం జరిగింది. షట్‌డౌన్ ముగిసిన తరువాత వీలైనంత త్వరగా, మామూలు జీతం తేదీ కోసం ఎదురుచూడకుండా, ఫర్లో అయినవారికీ పని చేసినవారికీ ఆగిన జీతం చెల్లించాలని అది నిర్దేశిస్తుంది. ఆ తరువాత రాబోయే షట్‌డౌన్లకు కూడా అదే వర్తిస్తుంది.

అయినా 2025 అక్టోబరులో ఆ హామీ మీదనే సందేహం పుట్టించారు. నిధులు పునరుద్ధరించే చట్టంలో విడిగా రాస్తే తప్ప ఫర్లో అయినవారికి డబ్బు దానంతట అదే రాదని వాదించే ఒక ముసాయిదా శ్వేతసౌధపు బడ్జెట్ కార్యాలయం నుంచి బయటపడింది. షట్‌డౌన్ మధ్యలోనే నాలుగు వేల మందికి పైగా ఉద్యోగులకు తొలగింపు నోటీసులు కూడా వెళ్లాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫెడరల్ న్యాయమూర్తి సూసన్ ఇల్‌స్టన్ వాటిని నిలిపివేశారు. చివరికి నవంబరు 12న సంతకమైన చట్టం ఆగిన జీతాలు చెల్లించాలని స్పష్టంగా చెప్పడమే కాక, ఆ తొలగింపులను కూడా రద్దు చేసింది. డబ్బు అందరికీ వచ్చింది, నిజమే. కానీ ఆరు వారాల పాటు ఇల్లు గడవడమే కష్టంగా ఉన్న మనిషికి, అసలు ఉద్యోగమే ఉంటుందో లేదోనన్న భయాన్ని కూడా కలిపి మోయించడం అన్యాయమని మా దృఢమైన అభిప్రాయం.

ఈ హామీ షట్‌డౌన్ ఫర్లోలకు మాత్రమే వర్తిస్తుంది. ఖర్చు తగ్గించుకోవడానికి శాఖలు ముందుగా ప్రకటించి అమలు చేసే ఫర్లో వేరు. 2013లో బడ్జెట్ కోతల వల్ల రక్షణ శాఖ పౌర ఉద్యోగులు ఆరు రోజులు అలా ఇంట్లో ఉన్నారు. ఆ ఆరు రోజుల జీతం వారికి తిరిగి రాలేదు.

ఆలస్యానికి వడ్డీ గాని, పరిహారం గాని ఇస్తారా?

ఇవ్వరు. జీతం లేకుండా పని చేసినవారు ఈ విషయంలో కోర్టుకు కూడా వెళ్లారు. 2013 షట్‌డౌన్‌కు సంబంధించిన వ్యాజ్యంలో, సకాలంలో జీతం ఇవ్వకపోవడం కనీస వేతన చట్టానికి విరుద్ధమని ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టు అంగీకరించింది. అయితే 2018–19 ఉద్యోగుల వ్యాజ్యంలో ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2022లో అందుకు భిన్నంగా తీర్పు చెప్పింది. నిధులు లేనప్పుడు చెల్లించరాదని ఒక చట్టం నిషేధిస్తుంటే, షట్‌డౌన్ ముగియగానే చెల్లించిన ప్రభుత్వాన్ని ఆలస్యానికి బాధ్యురాలిని చేయలేమని దాని సారాంశం. క్రెడిట్ కార్డు మీద పడిన వడ్డీ, ఆలస్య రుసుము అన్నీ ఉద్యోగి సొంత ఖర్చే అవుతాయి. కాబట్టి వడ్డీ పడే అప్పుకు దూరంగా ఉండటమే ఈ రోజుల్లో ముఖ్యమైన పని.

మొదటి వారంలో ఇంట్లో ఏమి చేయాలి?

నెలలో డబ్బు బయటికి పోయే ప్రతి తేదీని ఒక కాగితం మీద వేయాలి. మొత్తాల కంటే తేదీలే ఇక్కడ ముఖ్యం. బ్యాంకు ఖాతా నుంచి దానంతట అదే కోసుకునే చెల్లింపులను గుర్తించి, ఖాతాలో డబ్బు లేనప్పుడు అవి తిరస్కరణకు గురై జరిమానా పడకుండా వాటి తేదీలు మార్పించుకోవాలి లేదా తాత్కాలికంగా ఆపించాలి. ఇల్లు, ఆహారం, మందులు, ఉద్యోగానికి వెళ్లిరావడానికి కావలసిన వాహనం ముందు వరుసలో ఉంటాయి. క్రెడిట్ కార్డులకు కనీస మొత్తం కడితే చాలు.

తెలుగు కుటుంబాలు ఇంకొక విషయం చూసుకోవాలి. హైదరాబాదులోనో విజయవాడలోనో కొన్న ఫ్లాటుకు ఎన్‌ఆర్‌ఈ ఖాతా నుంచి నెలనెలా ఈఎంఐ కోత పడుతుంటే, అమెరికాలో జీతం ఆగిన నెలలో ఆ ఖాతా ఖాళీ అయి చెల్లింపు వెనక్కి పోయే ప్రమాదం ఉంది. అలా జరిగితే భారతదేశంలోని క్రెడిట్ స్కోరు కూడా దెబ్బతింటుంది. రెండు మూడు ఈఎంఐలకు సరిపడే మొత్తం ఆ ఖాతాలో ఎప్పుడూ ఉంచుకోవడం మంచిది. ప్రతినెలా తల్లిదండ్రులకు పంపే డబ్బు విషయంలో మొహమాటపడి అప్పు చేసి పంపడం కంటే, పరిస్థితి వారికి ఉన్నదున్నట్టు చెప్పడమే మేలు. టీవీలో షట్‌డౌన్ వార్తలు చూసి వారు అప్పటికే ఆందోళన పడుతూ ఉంటారు.

ఇంటి అద్దె, ఇంటి రుణం వాయిదా కట్టలేకపోతే?

గడువుకు ముందే ఇంటి యజమానికి లేదా రుణసంస్థకు ఫర్లో నోటీసు జతచేసి లిఖితపూర్వకంగా తెలియజేయాలి. ఫెడరల్ సిబ్బంది వ్యవహారాలు చూసే ఓపీఎం సంస్థ ఇలాంటి ఉత్తరాల నమూనాలు ఇస్తుంది. 2018 డిసెంబరులో ఆ నమూనాలలో ఒకటి, అద్దెకు బదులుగా ఇంటికి రంగులు వేయడం, వడ్రంగి పని చేయడం వంటివి చేస్తానని యజమానితో బేరమాడవచ్చని సూచించి తీవ్ర విమర్శకు గురైంది. ఆ విమర్శ సబబైనదే. కొద్ది వారాల గడువు అడగడంలో ఉద్యోగి చిన్నబోవలసింది ఏమీ లేదు, వెట్టిపని చేయవలసిన అవసరం అంతకన్నా లేదు. ఉత్తరంలో మూడు విషయాలు ఉంటే చాలు: జీతం ఎందుకు ఆగింది, ఇప్పుడు ఎంత కట్టగలరు, షట్‌డౌన్ ముగిసిన ఎన్ని రోజులకు మిగిలినది కడతారు.

ఇంటి రుణాలకు చాలా సంస్థలు ఫర్బేరెన్స్ ఇస్తాయి, అంటే కొంతకాలం వాయిదాలు తగ్గించుకోవడానికో ఆపుకోవడానికో అనుమతిస్తాయి. అయితే ఆ కాలం ముగియగానే మొత్తం ఒకేసారి కట్టాలా, వాయిదాల చివర కలుపుతారా, ఆ వ్యవధిలో క్రెడిట్ నివేదికలో ఏమని రాస్తారు అనే మూడు ప్రశ్నలకు జవాబు కాగితం మీద తీసుకోకుండా ఒప్పుకోకూడదు.

వడ్డీ లేని అప్పు ఎక్కడ దొరుకుతుంది?

ఫెడరల్ ఉద్యోగులకు, సైనిక కుటుంబాలకు సేవలందించే ఆర్థిక సంస్థలు దీనికి అలవాటు పడ్డాయి. నేవీ ఫెడరల్ క్రెడిట్ యూనియన్, యూఎస్ఏఏ వంటివి షట్‌డౌన్ సమయంలో, జీతం నేరుగా తమ వద్ద జమ అయ్యే సభ్యులకు సున్నా వడ్డీ అప్పులు ఇచ్చాయి. శాఖల వారీగా ఉన్న చిన్న క్రెడిట్ యూనియన్లు (సభ్యుల సహకార బ్యాంకులు) కూడా అలాంటి పథకాలు పెడుతుంటాయి. ఇక్కడ ఒక చిక్కు ఉంది: చాలాచోట్ల షట్‌డౌన్‌కు ముందునుంచే జీతం అక్కడ జమ అవుతూ ఉండాలి. అందువల్ల సభ్యత్వం ప్రశాంతంగా ఉన్న కాలంలోనే తీసుకోవాలి.

రాష్ట్రాలూ కొంత ఆదుకుంటాయి. జీతం లేకుండా పనికి వెళ్తున్న ఫెడరల్ ఉద్యోగులకు మేరీల్యాండ్ రాష్ట్రం 2025లో 700 డాలర్ల వడ్డీలేని అప్పు ఇచ్చింది. ఫెడరల్ ఎంప్లాయీ ఎడ్యుకేషన్ అండ్ అసిస్టెన్స్ ఫండ్ అనే స్వచ్ఛంద సంస్థ కూడా ఇలాంటి సమయాల్లో ఉద్యోగులకు తోడ్పడుతుంది. వీటన్నిటినీ ప్రయత్నించకముందే పేడే లోన్ దుకాణం మెట్లు ఎక్కకూడదు. రెండు వారాల అప్పుగా మొదలై, రుసుము మీద రుసుముగా తిరగరాయబడే ఆ అప్పు షట్‌డౌన్ ముగిసిన తరువాత కూడా వెంటాడుతుంది.

పదవీ విరమణ పొదుపు నుంచి డబ్బు తీసుకోవచ్చా?

ఫెడరల్ ఉద్యోగుల పదవీ విరమణ పొదుపు పథకమైన థ్రిఫ్ట్ సేవింగ్స్ ప్లాన్ నుంచి రెండు దారులు ఉన్నాయి, వాటి మధ్య తేడా చాలా పెద్దది. అప్పుగా తీసుకుంటే, షరతులకు లోబడి, వడ్డీతో సహా తిరిగి మీ ఖాతాకే జమ చేస్తారు. కష్టకాలపు ఉపసంహరణగా తీసుకుంటే ఆ డబ్బును మళ్లీ అక్కడ పెట్టలేరు. దాని మీద ఆదాయపు పన్ను పడుతుంది, 59 ఏళ్ల ఆరు నెలలు నిండనివారికి సాధారణంగా 10 శాతం అదనపు పన్ను కూడా పడుతుంది. కొద్ది వారాల్లో వచ్చే జీతం కోసం శాశ్వతంగా పొదుపు కోల్పోవడం ఏ విధంగానూ లాభసాటి కాదు. ఇప్పటికే అప్పు ఉండి జీతం నుంచి వాయిదాలు పోతున్నవారు, ఆగిన వాయిదాల గురించి ప్లాన్ ఇచ్చే ప్రకటనను చూడాలి.

నిరుద్యోగ భృతికి అర్హత ఉంటుందా?

ఫర్లో అయినవారికి ఉంటుంది. ఫెడరల్ ఉద్యోగుల కోసం యూసీఎఫ్ఈ అనే ప్రత్యేక పథకం ఉంది, దానిని రాష్ట్రాలు నిర్వహిస్తాయి. సాధారణంగా ఉద్యోగి నివసించే రాష్ట్రంలో గాక, అధికారికంగా పనిచేసే చోటు ఉన్న రాష్ట్రంలో దరఖాస్తు చేయాలి. వర్జీనియాలో ఇల్లు ఉండి వాషింగ్టన్ నగరంలో ఉద్యోగం చేసేవారు వాషింగ్టన్ కార్యాలయానికే వెళ్లాలి. నిరుద్యోగ భృతి గురించి కార్యాలయం ఇచ్చే ఫారం ఎస్ఎఫ్-8, నియామక వివరాలు ఉండే ఎస్ఎఫ్-50, ఇటీవలి జీతం చీటీలు దగ్గర పెట్టుకోవాలి. షట్‌డౌన్ మొదలయ్యాక ఆఫీసు కంప్యూటరు తెరవలేరు గనుక ఈ ప్రతులు ముందే ఇంట్లో ఉండాలి.

చాలా రాష్ట్రాల్లో మొదటి వారానికి భృతి రాదు. ఆగిన జీతం చేతికి వచ్చాక, అదే కాలానికి తీసుకున్న భృతిని తిరిగి కట్టవలసి ఉంటుంది. అంటే ఇది వడ్డీ లేని చేబదులు లాంటిది, అలా అనుకునే ఖర్చు పెట్టాలి. జీతం లేకపోయినా పూర్తికాలం పని చేస్తున్న ఎక్సెప్టెడ్ ఉద్యోగులకు మాత్రం, వారు నిరుద్యోగులు కాదన్న కారణంతో, సాధారణంగా భృతి రాదు. అందరిలోకీ ఎక్కువ ఇబ్బంది పడేది వీరే.

పని చేస్తూ జీతం రానివారు ఎలా నెట్టుకొస్తారు?

ఇంట్లో ఉన్నవారికి పెట్రోలు ఖర్చు, డేకేర్ ఖర్చు కొంత తగ్గుతాయి. పనికి వెళ్లేవారికి అవి తగ్గవు, వేరే పని వెతుక్కునే సమయమూ ఉండదు. 2019 జనవరిలో విమానాశ్రయ భద్రతా సిబ్బందిలో గైర్హాజరు ఒక దశలో 10 శాతానికి చేరింది. ఆర్థిక ఇబ్బందుల వల్ల రాలేకపోతున్నామని చాలామంది చెప్పారు. జనవరి 25న కంట్రోలర్ల కొరతతో న్యూయార్క్ లాగార్డియా విమానాశ్రయానికి రాకపోకలు కొంతసేపు ఆగిన రోజే షట్‌డౌన్ ముగింపు ప్రకటన వెలువడింది. అదే నెలలో కోస్ట్ గార్డ్ సిబ్బంది జీతం కోల్పోయారు. షట్‌డౌన్ వల్ల సాయుధ దళ సభ్యులకు జీతం అందకపోవడం అదే మొదటిసారి. 2025 నవంబరు 7 నుంచి 40 ప్రధాన విమానాశ్రయాల్లో విమానాలను తగ్గించవలసి వచ్చింది.

ఈ ఉద్యోగులు సెలవు పెట్టుకునే హక్కు 2019 చట్టం వల్ల వచ్చింది. అయితే చెప్పకుండా మానేస్తే క్రమశిక్షణ చర్య ఉండవచ్చు. రాకపోకలకు డబ్బు లేకపోతే ఆ మాటను పై అధికారికి రాతపూర్వకంగా చెప్పడం, షిఫ్టు సర్దుబాటు అడగడం, సహోద్యోగులతో కలిసి ఒకే కారులో వెళ్లడం వంటివే చాలామందిని గట్టెక్కించాయి.

ఆరోగ్య బీమా ఆగిపోతుందా?

ఆగదు. ఉద్యోగి వాటా ప్రీమియం పేరుకుపోయి, జీతం మళ్లీ మొదలయ్యాక అందులోంచి కోతపడుతుంది. జీవిత బీమా కూడా కొనసాగుతుంది. మందులు, డాక్టరు అపాయింట్‌మెంట్లు భయంతో వాయిదా వేసుకోకూడదు.

ఫర్లో రోజుల్లో వేరే పని చేసుకోవచ్చా? విరాళాలు తీసుకోవచ్చా?

చేసుకోవచ్చు, కానీ ఫర్లోలో ఉన్నా మీరు ఫెడరల్ ఉద్యోగే. నైతిక నియమావళి, రాజకీయ కార్యకలాపాల మీద హ్యాచ్ చట్టం పెట్టిన ఆంక్షలు అలాగే ఉంటాయి. కొన్ని శాఖల్లో బయటి పనికి ముందస్తు అనుమతి కావాలి, మీ శాఖ నియంత్రించే సంస్థ వద్ద పని చేస్తే ప్రయోజనాల ఘర్షణ వస్తుంది. క్యాబ్ నడపడం, డెలివరీ, పిల్లలకు ట్యూషన్ చెప్పడం వంటి వాటిలో సాధారణంగా సమస్య రాదు, అయినా అనుమతి నిబంధన చూసుకోవాలి.

ఆన్‌లైన్‌లో విరాళాలు అడిగేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి. మీ ఉద్యోగ హోదాను చూసి ఇచ్చే డబ్బు, మీ శాఖతో పని ఉన్నవారు ఇచ్చే డబ్బు బహుమతి నియమాల కిందికి వస్తుంది. ఎవరిచ్చారో తెలియని విరాళంలో ఆ సంగతి తేల్చుకోవడమే కష్టం. బంధువులు, పాత స్నేహితులు వ్యక్తిగత అనుబంధంతో చేసే సహాయానికి అడ్డు లేదు.

ఫుడ్ బ్యాంకుకు వెళ్లడానికి మనసు ఒప్పుకోవడం లేదు. ఏమి చేయాలి?

మన కుటుంబాల్లో ఈ సంకోచం చాలా ఎక్కువ. ప్రభుత్వోద్యోగం చేస్తూ అన్నం కోసం వరుసలో నిలబడటం ఏమిటని అనిపిస్తుంది. ప్రముఖ చెఫ్ హోసే ఆండ్రేస్ స్థాపించిన వరల్డ్ సెంట్రల్ కిచెన్ 2019 జనవరిలో వాషింగ్టన్‌లోని పెన్సిల్వేనియా అవెన్యూలో ఫెడరల్ ఉద్యోగులకు ఉచిత భోజనం పెట్టినప్పుడు, గుర్తింపు కార్డులు మెడలో వేసుకునే జనం బారులు తీరారు. వాషింగ్టన్ ప్రాంతంలో క్యాపిటల్ ఏరియా ఫుడ్ బ్యాంక్ 2018–19, 2025 షట్‌డౌన్లు రెండింటిలోనూ ఉద్యోగులకు సరుకులు అందించింది. ఒక వారం సరుకుల ఖర్చు తప్పితే ఆ డబ్బు కరెంటు బిల్లుకు పోతుంది, క్రెడిట్ కార్డు మీద అప్పు పెరగకుండా ఉంటుంది. పన్ను కట్టే పౌరుడు తన ప్రమేయం లేని వివాదంలో చిక్కుకున్నప్పుడు, తన ఊరివారు పెట్టిన సరుకులు తీసుకోవడంలో తప్పు లేదు. మాంసాహారం తిననివారు ఆ మాట ముందే చెబితే బియ్యం, పప్పులు, కూరగాయలు ఎంచుకునే వీలు చాలాచోట్ల ఉంటుంది. జీతం వచ్చాక అదే ఫుడ్ బ్యాంకుకు తిరిగి సరుకులు ఇచ్చేవారు చాలామంది ఉన్నారు.

బకాయిలు పడితే సెక్యూరిటీ క్లియరెన్స్ పోతుందా?

రహస్య సమాచారం చూడటానికి ఇచ్చే అనుమతినే క్లియరెన్స్ అంటారు, దాని సమీక్షలో ఆర్థిక స్థితి ఒక ప్రమాణమే. కానీ తన అదుపులో లేని కారణంగా ఇబ్బంది వచ్చి, ఆ వ్యక్తి బాధ్యతగా వ్యవహరించాడా అన్నది కూడా అదే ప్రమాణాలు పరిశీలిస్తాయి. రుణసంస్థలకు రాసిన ఉత్తరాలు, వచ్చిన జవాబులు, ఫర్లో నోటీసు, కట్టిన రసీదులు ఒకే చోట దాచుకుంటే, ఏళ్ల తరువాత జరిగే సమీక్షలో కూడా అవి మీ పక్షాన నిలుస్తాయి.

కాంట్రాక్టు ఉద్యోగుల సంగతేమిటి? హెచ్-1బీ మీద ఉన్నవారికి?

ఆగిన జీతం చెల్లించే చట్టం కాంట్రాక్టర్లకు వర్తించదు. ఫెడరల్ భవనాలు శుభ్రం చేసేవారు, క్యాంటీన్ సిబ్బంది, కాపలాదారులు షట్‌డౌన్‌లో పోగొట్టుకున్న జీతాన్ని శాశ్వతంగా పోగొట్టుకున్నట్టే. తక్కువ జీతం గల కాంట్రాక్టు కార్మికులకైనా పరిహారం ఇవ్వాలని సెనేటర్ టీనా స్మిత్ తదితరులు 2019లో బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. అదే భవనంలో అవే రోజులు ఇంట్లో కూర్చున్న ఇద్దరిలో ఎక్కువ జీతగాడికి డబ్బు తిరిగి వచ్చి, తక్కువ జీతగాడికి రాకపోవడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే పెద్ద లోపం.

తెలుగువారిలో చాలామంది ఐటీ కాంట్రాక్టు సంస్థల ద్వారా ఫెడరల్ ప్రాజెక్టుల్లో పనిచేస్తుంటారు. ఫెడరల్ ఉద్యోగాల్లో అధిక భాగానికి పౌరసత్వం కావాలి గనుక, వీసా మీద ఉన్నవారు ఉండేది ఎక్కువగా ఇటువైపే. షట్‌డౌన్ వల్ల ప్రాజెక్టు ఆగినా, హెచ్-1బీ ఉద్యోగికి పని లేదన్న సాకుతో యజమాని జీతం ఆపడానికి వలస చట్టం అనుమతించదు. సొంత సెలవు వాడుకోమనో, జీతం లేని సెలవు మీరే కోరినట్టు సంతకం పెట్టమనో ఒత్తిడి వస్తే, సంతకానికి ముందు వలస న్యాయవాదిని సంప్రదించాలి. ఇంకొక చిక్కు కార్మిక శాఖతో వస్తుంది. 2013లోను, 2025 అక్టోబరులోను ఆ శాఖలో ఎల్‌సీఏ (హెచ్-1బీకి ముందు కావలసిన ఆమోదం), పెర్మ్ (గ్రీన్‌కార్డుకు కావలసిన కార్మిక ధ్రువీకరణ) దరఖాస్తుల స్వీకరణ ఆగిపోయి, ఉద్యోగం మారాలనుకున్నవారు, వీసా పొడిగింపు గడువు దగ్గరపడినవారు ఇబ్బంది పడ్డారు. సెప్టెంబరు చివరలో, ఆ తరువాతి వారాల్లో గడువు ఉన్నవారు ఎల్‌సీఏను ముందే తెప్పించుకోవడం మంచిది.

సెలవులు, పింఛను సర్వీసు దెబ్బతింటాయా?

ఆగిన జీతం చెల్లించాక ఆ కాలాన్ని జీతం ఉన్న కాలంగానే లెక్కిస్తారు గనుక సెలవులు జమ అవుతాయి, సర్వీసుకు భంగం రాదు. ముందే మంజూరైన సెలవు మాత్రం ఫర్లో మొదలుకాగానే రద్దవుతుంది. ఇండియాకు టికెట్లు కొనుక్కున్నవారు ప్రయాణించవచ్చు, అయితే కార్యాలయం తెరిచిన వెంటనే హాజరు కాలేని పక్షంలో సెలవు ఏర్పాటు గురించి పై అధికారితో ముందే మాట్లాడుకోవాలి.

భారతదేశంలో ఇలాంటి షట్‌డౌన్ వస్తుందా?

రాదు. బడ్జెట్ పూర్తిగా ఆమోదం పొందే లోపు ఖర్చుల కోసం ఓట్ ఆన్ అకౌంట్ తీసుకునే వీలును రాజ్యాంగంలోని 116వ అధికరణ కేంద్రానికి, 206వ అధికరణ రాష్ట్రాలకు కల్పిస్తున్నాయి. లోక్‌సభలో ద్రవ్య బిల్లు నెగ్గించుకోలేని ప్రభుత్వం దిగిపోవలసి వస్తుంది, ఉద్యోగుల జీతం ఆగదు.

అయితే జీతం వాయిదా పడటం తెలుగు ఉద్యోగులకు అనుభవమే. కరోనా మొదలైన 2020 మార్చి చివరలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు రెండూ ఉద్యోగుల జీతాల్లో, సాధారణ ఉద్యోగులకైతే సగం మేరకు, వాయిదా వేశాయి. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన వ్యాజ్యంలో హైకోర్టు 12 శాతం వడ్డీతో చెల్లించమన్నది. సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఆ వడ్డీని 6 శాతానికి తగ్గించినా, జీతం, పింఛను ఉద్యోగి హక్కు అన్న మాటను నిలబెట్టింది. ఆలస్యానికి వెల కట్టిన ఆ తీర్పు ముందు అమెరికా చట్టం వెలితిగా కనిపిస్తుంది.

ఆగిన జీతం ఒకేసారి వచ్చినప్పుడు ఏమి చేయాలి?

2025లో సంతకం జరిగిన కొద్ది రోజుల్లోనే, శాఖను బట్టి వేర్వేరు తేదీల్లో డబ్బు జమ అయింది. పెద్ద మొత్తం ఒకేసారి కనిపించినా అందులో పేరుకుపోయిన బీమా ప్రీమియంలు, పన్నులు కోతపడి ఉంటాయి. మొదట జీతం చీటీ గంటల లెక్కతో సహా సరిచూసుకోవాలి. హడావుడిగా చేసిన చెల్లింపుల్లో ఓవర్‌టైము, రాత్రి డ్యూటీ భత్యం వంటివి తరువాతి జీతంలో సర్దుబాటు కావడం మామూలే. నిరుద్యోగ భృతి తీసుకుని ఉంటే ఆ మొత్తాన్ని వెంటనే పక్కన పెట్టి, రాష్ట్ర కార్యాలయానికి మీరే తెలియజేయాలి. తరువాత వడ్డీ పడుతున్న అప్పులు, వాయిదా కోరిన అద్దె, ఆపైన వడ్డీ లేని అప్పులు, ఈ వరుసలో తీర్చాలి. ఫర్బేరెన్స్ తీసుకున్నవారు ఖాతా మామూలు స్థితికి వచ్చిందని రుణసంస్థ నుంచి ఉత్తరం తీసుకుని, రెండు నెలల తరువాత క్రెడిట్ నివేదికను ఒకసారి చూసుకోవాలి. తాత్కాలిక తీర్మానంతో నిధులు వచ్చిన ఏడాదిలో తరువాతి గడువు ఎప్పుడో ఆ తీర్మానంలోనే రాసి ఉంటుంది. ఆ తేదీని అదే రోజున క్యాలెండరులో గుర్తుపెట్టుకుని, ప్రతి జీతం నుంచి కొంత తీసి ఒక పూర్తి జీతానికి సరిపడే మొత్తం ఆ లోగా విడి ఖాతాలో చేర్చుకోవాలి.